అన్నయ్య చేసిన ధ్వనులు

అన్నయ్య పెళ్లిళ్లలో కీబోర్డు వాయించేవాడు. పోర్ట్‌బ్లెయిర్‌లో పెళ్లి ఏ భాషవాళ్లదైనా పాటలు హిందీవే. అది బతుకుతెరువు. తన ప్రాణం మాత్రం మా చిన్నప్పటి డిస్కో సంగీతం మీద ఉండేది. చెన్నై ఓడలో వచ్చిన పాత సింథసైజర్ ఒకటి సంపాదించాడు. డాలీగంజ్‌లో మా ఇంటి వెనక రేకుల గదిలో చెమటలు కక్కుతూ, దాని బటన్లు తిప్పుతూ కూర్చునేవాడు. ఎవరి దగ్గరా లేని ధ్వని కావాలి తనకి. అలా ఒక బేసు, పాట అడుగున బరువుగా మోగే ధ్వని, పుట్టించాడు. అది వినపడితే వద్దనుకున్నా కాలు ఆడేది. అమ్మ పిండి రుబ్బుతూ తల ఊపడం నేను చూశాను.

పాట తయారైతే క్యాసెట్లలోకి ఎక్కించి ఊరికే పంచేవాడు. ఆటోవాళ్లకీ, మాయాబందర్ బస్సువాళ్లకీ, టీ కొట్లకీ. తన పాట మోగిస్తూ బస్సేదైనా పక్కనుంచి పోతే ఏమీ ఎరగనట్టు నడిచేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఆ ఏడాది క్రిస్మస్‌కి ఓడ మీద వెళ్లాల్సిన హట్‌బేలో తన ఆర్కెస్ట్రావాళ్లు ప్రోగ్రామ్ ఒప్పుకున్నారు. ఓడలో ఉప్పుగాలికి పాడవుతుందని సింథసైజర్‌ని ఇంట్లోనే ఉంచి, ఆర్కెస్ట్రావాళ్ల మామూలు కీబోర్డు పట్టుకెళ్లాడు. దుప్పటి కప్పి ఉంచమని నాకు చెప్పాడు.

పండగ మర్నాడు పొద్దున్నే భూమి ఊగింది. ఇంట్లో గిన్నెలన్నీ కింద పడ్డాయి. అందరం రోడ్డు మీదికి వచ్చాం. సముద్రం లోపలికి వచ్చిందని కాసేపటికి ఎవరో అరిచారు. డాలీగంజ్ దాకా నీళ్లు రాలేదు. హట్‌బే సంగతి అడుగుదామంటే ఫోన్లు లేవు.

ఓడలు మనుషుల్ని తేవడం మొదలయ్యాక నాన్న జెట్టీ దగ్గరే ఉండిపోయాడు. దిగే ప్రతివాడి మొహంలోకీ చూసేవాడు. చివరికి అన్నయ్యతో వెళ్లిన, డ్రమ్ములు వాయించే కుర్రాడిని ఇంటికి తీసుకొచ్చాడు. వాడి కాళ్లకి చెప్పుల్లేవు. గుమ్మం బయటే నిలబడి నాతో చెప్పాడు.

“అందరం గుట్ట వైపు భాగాం దీదీ. భయ్యా కూడా మాతోనే ఉన్నాడు. సామాన్ ఉండిపోయిందని వెనక్కి తిరిగాడు. కీబోర్డు మనది కాదు కదా అన్నాడు.”

అన్నయ్య దొరకలేదు.

అమ్మ ఏడవడం కొన్నాళ్లకి ఆగింది గాని, ఆ రేకుల గది వైపు చూడడం మానేసింది. ఇంట్లో రేడియో కూడా ఉండకూడదంది. అమ్మ బజారుకి వెళ్లినప్పుడు నేను దుప్పటి తీసి మీటలు నొక్కేదాన్ని. ఆ బేసు అలాగే ఉండేది. అన్నయ్య గదిలోనే ఉన్నట్టు, ఇప్పుడే మంచినీళ్లు అడుగుతాడన్నట్టు అనిపించేది. నాకు తన విద్య రాదు. తన ధ్వనులు పట్టుకుని నాకు తోచిన వరసలు కట్టాను. కొన్నేళ్లకి వాటిని ఇంటర్నెట్‌లో పెట్టాను. మా దీవుల్లో ఒక పాట పైకి ఎక్కాలంటే పగలంతా పట్టేది. అలాంటి పాత డిస్కో అంటే పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఏదో చలిదేశం నుంచి ఒకాయన, ఆ బేసు ఎలా చేశారని రాశాడు. చేసినవాడు లేడని రాయడానికి చెయ్యి రాలేదు. జవాబే ఇవ్వలేదు.

ఒక వానాకాలం సింథసైజర్ ఆన్ చేస్తే కీచుమని ఏదో కూత వచ్చింది. షాదీపూర్‌లో రిపేరు చేసే ఆయన విప్పి చూశాడు. మనం చేసుకున్న ధ్వనుల్ని లోపల చిన్న సెల్ ఒకటి కాపాడుతుందట. అది ఎప్పుడో చచ్చిపోయింది. కొత్తది వేస్తే పెట్టె పనిచేస్తుంది, పాతవి మాత్రం రావన్నాడు. ఇంటికి తెచ్చి నెలల తరబడి బటన్లు తిప్పాను. దగ్గరగా వచ్చేది. అంతే.

నాన్న పోయి ఏడాది తిరిగాక, అన్నం తింటూ అమ్మ ఉన్నట్టుండి అంది. “ఆడు చేసింది ఓపాలి ఎట్టవే. ఇంతాను.”

అన్నేళ్ల తర్వాత మొదటిసారి. అన్నయ్య క్యాసెట్లు ఇంట్లో ఉన్నవి బూజుపట్టి ఎప్పుడో పోయాయి. ఆ బేసు మిగిలింది నేను కట్టిన పాటల్లోనే. ఫోన్‌లో ఒకటి పెట్టి ఆమె చెవి దగ్గర ఉంచాను. కళ్లు మూసుకుని ఆఖరిదాకా వింది.

“ఇది నీదే. ఆడిదేదీ?”

క్యాసెట్లు తీసుకున్నవాళ్ల కోసం ఊరంతా తిరిగాను. సీడీలు వచ్చాక పారేశామన్నారు. మాయాబందర్‌లో రిటైరైన బస్సు డ్రైవరు దగ్గర ఒకటి ఉందని తెలిసి వెళ్లాను. ఆయన దాన్ని పెట్టె అడుగు నుంచి భద్రంగా తీసి, పాత ప్లేయర్‌లో పెట్టాడు. వాన హోరు లాంటి చప్పుడు వచ్చింది. ఎక్కడో డ్రమ్ము దెబ్బ రెండుసార్లు పడింది. తర్వాత టేపు చుట్టుకుపోయి తెగింది. ఆయన నా మొహం చూడలేక టీ పెట్టమని లోపలికి కేకేశాడు.

దొరకలేదని అమ్మతో చెప్పాను. సరేలే అని గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్లీ అడగలేదు. నేనూ ఆ తర్వాత పాట కట్టలేదు.