కుండ లేని ఇంట్లో కడిగిన ఫిల్ము

అప్పుడు మేం కోస్గిలో ఉండేవాళ్లం. నేను బడిలో పంతుల్ని. పట్నంలో కొన్న పాత డబ్బా కెమెరా ఒకటి నా దగ్గర ఉండేది. ఫిల్ము ఇంట్లోనే కడుక్కునేవాణ్ని. యుద్ధం రోజులు. ఫిల్ము దొరకడమే కష్టం, అందుకే ఒక్కో చుట్టను నెలల తరబడి వాడేవాణ్ని.

ఆ ఎండాకాలం కెమెరాలో ఉన్న చుట్టలో మా చెల్లె బొమ్మ ఒకటుంది. జొన్నలు చెరుగుతుంటే పిలిచి తీశాను. "ఆగరాదె అన్నా, జర కొంగు సదురుకోనియ్యి," అంది. నేను ఆగలేదు. ఆమెది మరో ఫొటో లేదు.

నెల తిరక్కుండానే జ్వరమొచ్చి పోయింది. చివరి మూడు రోజులు ముఖం గుర్తుపట్టలేనంతగా ఉబ్బింది.

మా ఇంట్లో చావు జరిగితే వంటకుండలు, నీళ్లకుండలు అన్నీ ఆ రోజే బయట పారేస్తారు. కుమ్మరి కొత్తవి తెచ్చేది పదకొండో నాడే. అంతదాకా నీళ్లు ఇత్తడి బిందెల్లోనే. ఎండాకాలంలో ఫిల్ము కడగడానికి నాకు ఆధారం కుండే. రాత్రంతా గాలికి పెట్టిన కుండనీళ్లతోనే మందు కలిపేవాణ్ని. నీళ్లు వెచ్చగా ఉంటే ఫిల్ము మీది పొర మెత్తబడి జారిపోతుంది. అది నాకు బాగా తెలుసు.

ఆరో నాడు అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"కొడుకా, దాని మొఖం యాదికొస్తలేదురా. కండ్లు మూస్తె గా ఉబ్బిన మొఖమే కనవడుతాంది. నీ డబ్బల ఉన్నది గద, తియ్యరాదు."

"తీస్తనమ్మా. జర ఆగు."

"ఎన్నొద్దులు ఆగాలె?"

కుండ లేదని చెప్పలేదు. చెల్లె తాగిన కుండను అమ్మే తన చేత్తో గోడవతల పగలగొట్టింది. ఆ మాట ఎత్తి బాధపెట్టడం ఎందుకనుకున్నాను. పక్కింటి అత్త ఇచ్చేదేమో, కానీ మైల ఇంటికి వచ్చిన కుండను ఆమె మళ్లీ వాడుకోవడానికి ఉండదు. ఆమెనూ అడగలేదు.

మర్నాడు తెల్లవారకముందే బిందెకు తడి గోనె చుట్టి, కిటికీ లేని జొన్నల అర్రలో తలుపేసుకున్నాను. కందిలికి ఎర్రకాగితం కట్టాను. నీళ్లలో చెయ్యి పెడితే చల్లదనం తెలియలేదు. పటిక వేస్తే పొర గట్టిపడుతుందని చదివి, కొంచెం వేశాను. ఫిల్మును రెండు కొసలా పట్టుకొని పళ్లెంలోని మందులో పైకీ కిందికీ ఆడించాను. బొమ్మలొచ్చాయి. చెల్లెదీ వచ్చింది. నెగటివు కదా, ముఖం నల్లగా, జుట్టు తెల్లగా. చేతిలో చేట కూడా తెలిసింది.

చివరి కడుగులో వేలికి జిగట తగిలింది. పొర ముడతపడి అంచు దగ్గర లేచింది. కదపకుండా ఉంచితే నిలుస్తుందనుకున్నాను. నిలవలేదు. పళ్లెం అడుగున నల్లటి మడ్డి మిగిలింది.

తలుపు తీస్తే అమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంది.

"వచ్చిందా?"

"రాలేదమ్మా. నీళ్లు ఎచ్చగున్నయి. కుండ లేకపాయె."

అమ్మ లేచి లోపలికొచ్చి పళ్లెంలోకి చూసింది.

"నన్నడుగకపోతివి," అంది. "ఒక్క కుండ దాపెట్టకపోదునా?"

పదకొండో నాడు కుమ్మరి కుండలు దించాడు. అమ్మ ఒకదాన్ని నింపి జొన్నల అర్ర గడప పక్కన పెట్టింది.

"గిది ఎవ్వరు ముట్టొద్దు," అంది.

ఆమె బతికినన్నాళ్లూ ప్రతి ఎండాకాలం ఆ కుండ అక్కడ నిండుగా ఉండేది. నేను మళ్లీ ఆ అర్రలో ఫిల్ము కడగలేదు.