కేబుల్ పీకితే మూడు సెకన్లు

మా చెకర్ గారు పోయారన్న కబురు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కిందే మా మేనేజర్ రాశాడు: "మంచి మనిషి. చివర్లో కాస్త స్లో అయిపోయారు, పాపం." ఆ 'పాపం' చూసి నాకు ఒళ్ళు మండింది. ఏడుపు తర్వాత వచ్చింది. ఆయన స్లో కాదని మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దువ్వాడ దగ్గర మాదొక చిన్న డ్రాయింగ్ ఆఫీసు. పోర్టుకీ ఫ్యాక్టరీలకీ కావలసిన ఇనుప కట్టడాల డ్రాయింగులు కంప్యూటర్ మీద గీస్తాం. మేమంతా గీసినవి ఆయన ఒక్కరే తెరిచి, కొలతలన్నీ సరిచూసి, తప్పున్నచోట ప్రింటు మీద ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టేవారు. బోల్టు రంధ్రం రవ్వంత జరిగినా ఊరుకునేవారు కాదు. "పైన పనోడు గాల్లో నిలబడి బోల్టు కోసం ఎతుక్కుంటాడు తల్లీ. నువ్వు ఏసీలో కూకున్నావు," అనేవారు. పెన్సిల్‌ను బ్లేడుతో చెక్కి, ఆ పొట్టు టిఫిన్ బాక్సు మూతలో పోగుచేసి తనే పారబోసేవారు.

మా ఆఫీసులో ఒక పిచ్చి నమ్మకం ఉంది. ఒక్క ఎర్ర గీతైనా పడని డ్రాయింగ్ కలిసొచ్చిన డ్రాయింగ్. కొత్త పనేదొచ్చినా ఖాళీ పేజీతో మొదలుపెట్టరు. దాన్నే కాపీ చేసుకుని, లోపలిది చెరిపేసి గీస్తారు. నేను చేరిన ఏడాది పోర్టు కన్వేయర్ కోసం గీసినది అలా అందరి చేతుల్లోకీ వెళ్ళింది. నేనూ తెగ మురిసిపోయాను.

తర్వాత పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టారు. అప్పట్నుంచి ఏ డ్రాయింగ్ తెరిచినా నాలుగైదు నిమిషాలు తెర బిగుసుకుపోయేది. మేం రోజుకు ఒకటో రెండో తెరిచేవాళ్ళం కనక ఆలోపు టీ తాగొచ్చేవాళ్ళం. ఆయన అందరివీ తెరవాలి. పని ఆయన బల్ల దగ్గరే పేరుకుపోయింది కాబట్టి తప్పూ ఆయనదే అన్నారు.

ఆయన ఒక రిజిస్టర్లో గళ్ళు గీసి, ఏ డ్రాయింగ్, ఎవరిది, తెరుచుకోడానికి ఎంతసేపు అని చేతి గడియారం చూసి రాసుకోవడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం నా డ్రాయింగ్‌ను తన కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, వెనక నెట్‌వర్క్ కేబుల్ పీకి తెరిచారు. వెంటనే తెరుచుకుంది. నన్ను పిలిచారు.

"ఏటి జరుగుతందో సూడు. దీని బోర్డర్ ఫైలు, అదే బొమ్మ సుట్టూ ఉండే సట్రం, పాత సర్వర్లో ఉంది. ఆ సర్వరే లేదు. ఇది ఎల్లి లేనోడింటి తలుపు కొడతంది. తీసేవోడు లేడు, ఇది ఊరుకోదు. కేబుల్ పీకితే ఎల్లే దారే లేదు, ఎంటనే తెరుసుకుంటది."

"అందరివీ ఇంతేనా సార్?"

"అందరూ కాపీ కొట్టింది నీదే కదా తల్లీ. సెక్ సేసినోణ్ణి, నానూ సూడలేదు. కంగారు పడకు. నీ పేరు నానెత్తను."

ఎత్తలేదు. మేనేజర్‌కు కారణం మాత్రం చెప్పారు. "కంప్యూటర్లు కొత్తవే గురువుగారూ, మనమే పాతబడ్డాం," అని వాడు నవ్వి, మర్నాడే చెకింగ్ ఇంకొకరికిచ్చి ఆయన్ని పాత డ్రాయింగుల గదిలో కూర్చోబెట్టాడు. నేను నోరు మెదపలేదు. ఉద్యోగం పోతుందని భయం, అంతే. ఆ శనివారం ఎవరికీ చెప్పకుండా అన్ని డ్రాయింగుల్లోనూ పాత సర్వర్ దారి తీసేసి కొత్తది పెట్టాను. సోమవారం అన్నీ చకచకా తెరుచుకున్నాయి. "చూశారా, చెకర్ మారగానే పని ఎలా పరిగెడుతోందో," అన్నాడు మేనేజర్. అప్పుడూ తలొంచుకునే కూర్చున్నాను. వాడి మీద ఎంత కోపమో నా మీద అంతకు రెట్టింపు.

ఆ సాయంత్రం ఆ గదికి వెళ్తే ఆయనే అడిగారు: "తెరుసుకుంటన్నాయా?"

"ఆ, సార్."

"అదీ," అని తృప్తిగా నవ్వారు. నాకు కూర్చోబుద్ధి కాక వచ్చేశాను.

నిన్న అదే గదిలో ఆయన రిజిస్టర్ తీసి చూశాను. మిగతా ప్రతి వరుసలోనూ 'ఎవరిది' అన్న గడిలో పేరుంది. నా డ్రాయింగ్ వరుసలో 'నాలుగు నిమిషాలు. కేబుల్ పీకితే మూడు సెకన్లు' అని ఉంది. పేరు గడి ఖాళీ. పెన్సిల్ ఆనించి ఎత్తేసిన ఎర్ర చుక్క ఒక్కటే ఉంది.

దాని పక్కన నా పేరు రాశాను. ఫోటో తీసి మేనేజర్ మెసేజ్ కిందే పెట్టాను: "స్లో అయింది ఆయన కాదు, నా డ్రాయింగ్." అందరూ చూశారు. రిజిస్టర్ నా బల్ల మీద ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంది, నా పేరూ దాని పక్కన ఆయన రాయకుండా ఆగిన ఆ చుక్కా కనిపించేలా.