అమ్మ అరికాళ్ల మంట

మూడో విడత కీమో అయ్యాక అమ్మ అరికాళ్లు మండసాగాయి. దుప్పటి తగిలినా కాళ్లు లాక్కునేది. ఫిజీ రాజధాని సువాలో, ఆసుపత్రి డాక్టరమ్మ అడిగితే మాత్రం బాగున్నానని చెప్పేది.

"ఆమెకు చెప్పకు బేటా. మూడేళ్లు నిప్పులు తొక్కుతానని మొక్కి రెండేళ్లే తొక్కాను. ఇది అమ్మవారి గుస్సా. ఈసారి తొక్కితే పోతుంది," అంది నాతో.

గుడిలో నిప్పుల గుండానికి ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి. మంట కన్నా ఆమె కాళ్ల తిమ్మిరి నన్ను ఎక్కువ భయపెట్టింది. గాజుపెంకు గుచ్చుకుని రక్తం కారినా ఆమెకు తెలియలేదు. ఆ కాళ్లతో నిప్పుల మీదికి ఎలా పంపను?

డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. కీమో వల్ల నరాలు దెబ్బతిన్నాయని, మంట తగ్గడానికి మాత్ర ఇస్తానని, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చని ఆమె చెప్పింది. నిప్పులు తొక్కవద్దని గట్టిగా హెచ్చరించింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ మాత్రల పొట్లం నా ఒళ్లో పడేసింది. తర్వాత, "నా బదులు నువ్వు తొక్కు. అప్పుడే మాత్ర మింగుతా," అంది.

వేగంగా నడిస్తే కాళ్లు కాలవని, అందులో మహిమ ఏమీ లేదని హేతువాద సభల్లో వాదించినవాణ్ణి నేనే. అయినా మరునాడు గుడిలో నిప్పులు తొక్కేవాళ్లలో నా పేరు ఇచ్చాను. అమ్మ ఆ పూటే మాత్ర మింగింది. నా అరికాళ్లు కూడా అప్పటి నుంచే మండసాగాయి.