ఆవిడకు దొరికిన శుక్రవారం

మా పిండివంటల ఫ్యాక్టరీలో రెండు సెక్షన్లు, ఒకటి మిఠాయి, ఒకటి కారం. ఇక్కడ అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో, మా పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ మిఠాయి వైపు లడ్డూలు చుట్టేది. నేను కారం వైపు జంతికలు వేయించేదాన్ని. నాకు డ్రైవింగ్ రాదు, ఆవిడ కారులోనే ఇద్దరం పనికి వెళ్లేవాళ్లం.

దీపావళి దాటాక మిఠాయి ఆర్డర్లు పడిపోయాయి. ఎవరినీ తీసెయ్యకుండా ఓనరు ఆ సెక్షన్ మొత్తానికి శుక్రవారం పని కోసేశాడు. పోయిన ఆ రోజుకి స్టేట్ వాళ్లు నిరుద్యోగ భృతిలోంచి కొంత ఇస్తారట. ఉద్యోగం ఉండగానే నిరుద్యోగ భృతి ఏమిటని నేను నమ్మలేదు. ఆవిడ బ్యాంకులో డబ్బు పడ్డాక నమ్మాను. కడుపుమంట కూడా అప్పుడే మొదలైంది.

డబ్బు గురించి కాదు. పూర్తి జీతం వచ్చేది నాకే. నా ఏడుపంతా శుక్రవారం గురించి. అక్షరాలు నాకు యాభై దాటాక, మనవరాలి తెలుగు బడిలో వెనక కూర్చుంటే వచ్చాయి. డొంకతిరుగుడుగా రాయడం చేతకాదు. ఏడుపు అంటే ఏడుపే.

శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టించి, తడి ముడితో దీపం పెట్టడం చిన్నప్పటి నుంచీ నా అలవాటు. ఈ దేశంలో తలంటు ఆదివారానికి జరిగింది. శుక్రవారం తలంటుకుని మాత్రం ఏం లాభం? జుట్టంతా వల టోపీలో కుక్కి నూనె పొగలో నిలబడాలి. ఇప్పుడు ఆవిడ మాత్రం ఇంట్లో ఉండేది, నన్ను అల్లుడు మొహం గంటు పెట్టుకుని పనికి దింపేవాడు. ఆవిడ సరిగ్గా నా లంచ్ టైమ్‌కి వీడియో కాల్ చేసేది.

"అక్కా, చూడు, తలంటుకున్నా. పరమాన్నం కూడా చేశా."

"చూశాలే. జుట్టు పలచబడింది నీకు."

"ఎంత కుళ్లో నీకు!" అని పకపకా నవ్వింది.

ఉంది మరి. సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. నిజామాబాద్ పిల్లవాడు.

"నాకూ శుక్రవారం కొయ్యి బాబూ."

"ఏంది ఆంటీ, అందరు అవర్స్ పెంచుమంటరు, మీరేమో కట్ చెయ్యమంటున్నరు? అది సెక్షన్‌కి ఇస్తరు, మనిషికి కాదు."

"అయితే నన్ను మిఠాయిలోకి మార్చు."

"మంచిగ ఆలోచించుకోండ్రి."

"ఆలోచించే వచ్చాను."

మార్చాడు. తీరా గురువారం వచ్చి, స్టేట్‌కి పంపిన పేర్లలో నాది లేదన్నాడు. ఈ భృతి ప్లాన్ మొదలైనప్పుడు ఆ సెక్షన్‌లో ఉన్నవాళ్ల పేర్లే వెళ్లాయి. నా పేరు చేర్చి, వాళ్లు ఒప్పుకునేదాకా భృతి లేదు. "శుక్రవారం మాత్రం మీదే ఆంటీ, పండుగ చేస్కోండ్రి."

చేసుకున్నాను. తలంటుకున్నాను, దీపం పెట్టాను, పరమాన్నంలో ఆవిడ కంటే ఎక్కువ జీడిపప్పు వేశాను. చూపిద్దామని కాల్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

సాయంత్రం ఆవిడే జంతికల పొట్లం పట్టుకుని వచ్చింది. ఒళ్లంతా నూనె వాసన.

"నీ ప్లేస్‌లో పెట్టిన అమ్మాయికి శుక్రవారాలు కుదరవట అక్కా. సూపర్‌వైజర్ నన్ను వస్తావా అన్నాడు. ఈ రోజుకి భృతి పోతుంది గానీ, ఫుల్ పే కదా."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే వెళ్లనిస్తావా? తిని చూడు ముందు."

నా పొయ్యి, నా బాణలి, నా జంతికలు. కొరికాను.

"వాము ఎక్కువైంది," అన్నాను.

వాము సరిగ్గానే ఉంది. నేను చేసేవాటి కంటే గుల్లగా కూడా ఉన్నాయి. ఆవిడ మాత్రం నా జుట్టు చేతిలోకి తీసుకుని, "ఎంత బాగుందో అక్కా, శుక్రవారం కళే వేరు," అంది. ఆ గొంతులో నా మంటలాంటిది ఏమైనా ఉందేమోనని వెతికాను. ఇసుమంతైనా లేదు. అది ఇంకా మండింది.

సోమవారం ఫ్యాక్టరీ తలుపు తీస్తూనే సూపర్‌వైజర్‌ని పట్టుకున్నాను. "నా పొయ్యి నాకిచ్చెయ్ బాబూ."

"మళ్ల ఏమైంది ఆంటీ?"

"ఆవిడ వాము ఎక్కువ వేస్తోంది."