కటింగ్ బల్ల స్పీకర్లు

గంగారత్నానికి కోపం వస్తే ముందుగా తెలిసేది కుట్టు మిషనుకి. పెడలు మీద కాలు ఆగదు, సూది కింద బట్ట పరుగెడుతుంది. బస్తర్ ఇనుప గనుల కిరందూల్ టౌన్‌షిప్పులో ఆ లైను ఆడవాళ్ళందరికీ ఆ చప్పుడు ఎరుకే. మిషను అలా ఉరుముతున్నప్పుడు రవిక ఎంతవరకు వచ్చిందని అడగడానికి ఎవరూ ఆ గుమ్మం ఎక్కరు. నాలుగేళ్ళుగా ఆ చప్పుడు పట్టనిది ఒక్క ఆమె మొగుడికే.

చక్రధరరావుది బొబ్బిలి దగ్గర పల్లె. గనిలో రాయిని పిండి చేసే క్రషర్ దగ్గర ఆపరేటరుగా జీవితమంతా గడిపాడు. చెవులు దెబ్బతిన్నాయని ఇప్పుడు స్టోర్సుకి మార్చారు. అతనికి పూర్తి చెవుడు లేదు. బస్సు హారన్ వినిపిస్తుంది, ఉరుము వినిపిస్తుంది. మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది గానీ, ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. గంగారత్నం లెక్కలో అది బట్ట కనబడుతూ కుట్టు కనబడకపోవడం. దేనికైనా సరే "ఆఁ" అనడం అతను అలవాటు చేసుకున్నాడు. అన్నం తింటారా అంటే ఆఁ, ఇల్లు తగలబడుతోంది అన్నా ఆఁ.

ఆ మనిషి ఒకప్పుడు ఎలా ఉండేవాడు! ఏటా ఉగాదికి ఆంధ్రా నుంచి వచ్చిన కుటుంబాలన్నీ కలిసి క్లబ్బు హాల్లో పద్యనాటకం వేస్తాయి. రాజు వేషం ఎప్పుడూ చక్రధరరావుదే. రాగం ఎత్తి నిలబెడితే హాలు చివర సమోసాలు అమ్ముకునే, హల్బీ తప్ప తెలుగు రాని అక్కడివాళ్ళు కూడా బుట్టలు దింపి వినేవారు. నాలుగేళ్ళ క్రితం ఉగాదినాడు అతనికి హార్మోనియం వినిపించలేదు. శ్రుతి ఒక దారి, పద్యం ఒక దారి అయ్యాయి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. అతను పద్యం పూర్తిచేసి, తెర వెనక్కి వచ్చి, కిరీటం తీసి పెట్టెలో పెట్టాడు. మళ్ళీ ఆ పెట్టె తెరవలేదు. పాట మానేసినవాడు కొన్నాళ్ళకి మాట కూడా మానేశాడు. జగదల్‌పూర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు దేవిశ్రీ ఫోను చేస్తే తెర మీద పేరు చూసి, ఫోను పెళ్ళాం చేతికి ఇచ్చేవాడు. విశాఖపట్నంలో కొన్న చెవి మిషను గుండీల డబ్బాలో పడి ఉంది. అది పెట్టుకుంటే సీలింగ్ ఫ్యాను కూడా క్రషర్‌లాగే మోగుతోందట.

దీపావళి వెళ్ళాక నాటకం కమిటీ తరఫున పక్క లైను కుర్రాడు చిన్నా వచ్చాడు. ఈసారి రాజు వేషానికి పక్క గని ఊరు బచేలి నుంచి ఎవరినైనా పిలవమంటారా అని మొహమాటపడుతూ అడిగాడు.

"ఎందుకూ? మీ బాబాయే ఏస్తారు," అంది గంగారత్నం.

పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్న చక్రధరరావు "ఆఁ" అన్నాడు. చిన్నా సంతోషంగా వెళ్ళిపోయాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం గంగారత్నం ఒంట్లో లేదు. ఉగాదికి మొగుడు పాడాలి. పాడాలంటే ముందు వినాలి. ఎలా వినిపించాలో మాత్రం ఆమెకి ఆ క్షణాన ఏమీ తెలియదు.

దారి దొరికింది బజారులో, రేడియోలు, టీవీలు బాగుచేసే మంగ్లూ కొట్లో. మంగ్లూ తల్లిది తెలంగాణ సరిహద్దు దగ్గరి ఉసూర్, అందుకని అతనికి తెలుగు వచ్చు. పెళ్ళిళ్ళకి డీజే పెట్టెలు కూడా కట్టి ఇస్తాడు. మిక్సీ బాగుచేయించడానికి వెళ్ళిన గంగారత్నం, ఆ పెద్ద పెట్టెల దుమదుమల మధ్య ఒక సన్నటి గొంతు విని నిలబడిపోయింది. పాత రేడియోలోంచి విప్పిన స్పీకరు ఒకటి చెక్కముక్కకి బిగించి, బల్ల మీద ఆనించి ఉంది. దానికి ముందూ వెనకా ఏమీ లేదు. అందులోంచి ఎవరో ఆడమనిషి హల్బీలో వార్తలు చదువుతోంది. ఒక్కో మాటా విడివిడిగా, పక్కన నిలబడి చెబుతున్నట్టు వస్తోంది.

"ఇదేటి మంగ్లూ భయ్యా, మాటలు దీంట్లోంచే వొస్తన్నాయి, ఆ పెద్ద డబ్బాల్లోంచి రావేటి?"

"అది ఊర్కే టెస్టింగ్‌కు పెట్టిన దీదీ. డబ్బా లేకుంటే బేస్ ఏడికెల్లి వస్తది? డబ్బా కట్టాలె."

"నాకు బేస్ వొద్దు. మాట కావాల."

మంగ్లూ నవ్వాడు గానీ, ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం ఫోనులో చెబితే దేవిశ్రీ నెట్‌లో వెతికి, దాన్ని ఓపెన్ బాఫిల్ అంటారమ్మా అని వివరంగా చెప్పింది. కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా మొత్తం ఒకే కాగితపు గరాటుతో పలికే స్పీకరును ఫుల్ రేంజ్ అంటారు. దాన్ని పెట్టెలో మూసేయకుండా వెడల్పాటి పలకకి బిగిస్తారు. శబ్దం ముందుకీ వెనక్కీ కూడా వెళుతుంది. పలక లేకపోతే వెనక శబ్దం చుట్టు తిరిగి వచ్చి ముందు శబ్దాన్ని మింగేస్తుంది. పలక ఎంత వెడల్పుంటే గొంతు అంత నిండుగా ఉంటుంది. పెట్టె లేదు కనుక పెట్టె మోతా ఉండదు.

గంగారత్నానికి అర్థమైంది. ఇక మిగతాది కటింగే. కటింగ్ ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

మంగ్లూ పాత రేడియోల కుప్పలోంచి ఒకే రకం స్పీకర్లు జత చూసి, వాటికి ఫోను తగిలించడానికి చిన్న యాంప్లిఫయరుతో సహా ఇచ్చాడు. ఆమె ముందు పేపరు మీద గీసింది. తర్వాత ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి, అందులో కన్నం పెట్టి, స్పీకరు బిగించి విన్నది. కన్నం సరిగ్గా నడుమ ఉంటే గొంతు ముక్కుతో మాట్లాడినట్టు వచ్చింది. పక్కకి జరిపితే ఆ ముక్కు పోయింది. ఇంకాస్త కిందకి దించితే మరీ బాగుంది. అట్ట మీద అట్ట కోస్తూ సంక్రాంతి దాకా అదే పని. స్పీకరు అంచుకీ పలకకీ మధ్య ఝుమ్మంటుంటే కాలరుకు వేసే కాన్వాసు గుండ్రంగా కత్తిరించి వేసింది. ఝుమ్మనడం ఆగింది.

అట్ట మీద కుదిరాక చెక్క కావాల్సి వచ్చింది. పల్చటి చెక్క వణుకుతుంది. గంగారత్నం ఇల్లంతా చూసి, చివరికి తన కటింగ్ బల్ల దగ్గర ఆగింది. టేకు బల్ల. పెళ్ళై రైల్లో ఈ ఎర్రదుమ్ము ఊరికి వచ్చిన కొత్తలో, పొద్దుపోవడం లేదని ఆమె ఏడిస్తే చక్రధరరావు చేయించి ఇచ్చాడు. దాని మీద కోసిన రవికలతోనే ఆమె ఈ ఊరికి పరిచయమైంది, హిందీ, హల్బీ కూడా దాని పక్కనే నేర్చుకుంది.

చెక్క కోసే మిషను తీసుకుని ఇంటికి వచ్చిన మంగ్లూ ఆ బల్ల చూసి వెనకాడాడు. "మంచి సామాన్ దీదీ. మల్ల ఖరాబ్ అయితే నన్ను అనొద్దు."

"అనను. కొయ్యి."

బల్ల నడిమికి రెండైంది. రెండు ముక్కలకీ కన్నాలు పడ్డాయి, వెనక కాళ్ళు వచ్చాయి. గంగారత్నం ఆ పూట నేల మీద కూర్చుని రవిక కోసుకుంది. నడుము నొప్పి పుట్టింది, బల్ల మీద బెంగ కూడా పుట్టింది. రెండూ ఎవరికీ చెప్పలేదు.

పలకలు గోడకి ఆనిస్తే గొంతు మసకబారుతోందని వాటిని గది మధ్యకి లాగింది. వచ్చేవాళ్ళు వాటికి తట్టుకుంటూ వచ్చారు, తిట్టుకుంటూ వెళ్ళారు. చక్రధరరావు పాత పద్యాల క్యాసెట్టు ఎప్పుడో దేవిశ్రీ తల్లి ఫోనులోకి ఎక్కించింది. ఓ ఆదివారం మొగుడిని పలకల ఎదురుగా కూర్చోబెట్టి, గంగారత్నం అందులోంచి ఒక పద్యం పెట్టింది.

చక్రధరరావు కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా తల ఊపాడు. మోకాలి మీద వేళ్ళతో తాళం వేశాడు. చాలా కాలానికి ఆ ముఖంలో ఒక వెలుగు చూసి గంగారత్నానికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతలో దేవిశ్రీ నుంచి ఫోను వచ్చింది. ఫోను వణికింది, పద్యం ఆగిపోయింది. గది నిశ్శబ్దమైంది.

చక్రధరరావు తల ఊపుతూనే ఉన్నాడు. తాళం తప్పలేదు. పద్యం ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడ చేయి ఆపి, కళ్ళు తెరిచి, "బాగుంది రత్నం. స్పష్టంగా ఉంది," అన్నాడు.

గంగారత్నం కూతురి ఫోను కట్ చేసింది. అతను విన్నది పలకల్లోంచి కాదు, తన లోపల కంఠస్థమైన పద్యాన్ని. పెళ్ళాం బాధపడుతుందని బాగుందన్నాడు. ఆ మంచితనం ఆమెకి నవ్వినవాళ్ళ నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజు మిషను సాయంత్రం దాకా ఉరిమింది.

తప్పెక్కడుందో వెతకడానికి వారం పట్టింది. స్పీకర్లని అనుమానించింది, వైర్లని అనుమానించింది, టేకుని కూడా అనుమానించింది. తన కుట్టుని మాత్రం అనుమానించలేదు. కిరందూల్‌లో ఏ ఇంట్లోనైనా అన్నిటికీ తొడుగులుంటాయి. టీవీకి, మిక్సీకి, ఫ్రిజ్‌కి, చివరికి ఫోను ఛార్జరుకి కూడా. గని మీంచి వచ్చే ఎర్రదుమ్ము అలాంటిది. కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే గంగారత్నం ముందు దానికి కొలతలు తీస్తుంది. ఈ స్పీకర్లకి కూడా ముందూ వెనకా లైనింగు వేసి, అంచుకి పైపింగు తిప్పి, చూడముచ్చటైన తొడుగులు కుట్టి, వాటిని తీయకుండానే పద్యం పెట్టింది. పెట్టె లేని స్పీకరుకి బట్టతో పెట్టె కుట్టినట్టయింది.

తొడుగులన్నీ ఉతికే రోజు వచ్చింది. అవి తీగ మీద ఆరుతుండగా ఊరికే హిందీ వార్తలు పెట్టిన గంగారత్నం ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. ప్రతి "స"కారమూ సూదిలా దిగుతోంది. ఇంత కరుకుగా ఉందేమిటని తొడుగు తేవడానికి పెరట్లోకి వెళ్ళి, తడి తొడుగు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. కరుకు ఎవరికి? తన చెవులకి. తన చెవులకి కరుకుగా తగిలే ఆ అంచులే ఆయనకి దొరకనివి. ఇన్నాళ్ళూ తన చెవికి ఇంపుగా ఉండేట్టు సవరిస్తూ వచ్చింది. తన కొలతలతో కోసి ఆయనకి చొక్కా తొడిగింది. ఇంత కాలం బట్టలు కుట్టి, ఈ మాత్రం తెలియలేదా అని తనని తానే తిట్టుకుంది.

అలాగని వట్టిగా వదలడానికీ లేదు. వెనక అయస్కాంతాల చుట్టూ అప్పటికే నల్లటి గడ్డం మొలిచింది. ఊరి గాలిలో ఉన్న ఇనుము ఎక్కడికి పోతుంది మరి. ఆ పొడి గరాటు లోపలికి దిగితే గొంతు గరగరలాడుతుందని మంగ్లూ ముందే చెప్పాడు. అంటుకునే టేపుతో అద్ది అద్ది ఆ గడ్డం తీసింది. తర్వాత దుమ్ము ఆగి, మాట ఆగని బట్ట కోసం ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ ఒక్కొక్కటే నోటి ముందు పట్టుకుని ఊదింది. పాప్లిన్‌లోంచి ఊపిరి దాటలేదు. కొత్త మల్లులోంచి సగం దాటింది. ట్రంకుపెట్టె అడుగున, కిరీటం పక్కన, ఉతికి ఉతికి గాలిలా పల్చబడిన ఎర్రంచు పంచె ఉంది. ఊదితే ఊపిరి మొత్తం అరచేతికి తగిలింది. అది రాజు వేషం పంచె. గంగారత్నం కత్తెర తీసుకోవడానికి కాసేపు ఆలోచించింది, చింపడానికి ఆలోచించలేదు.

ఈసారి పద్యం పెట్టదల్చుకోలేదు. అతనికి తెలిసిన మాటలతో పరీక్ష పెడితే మళ్ళీ తల ఊపుతాడు. అతను స్టోర్సుకి వెళ్ళిన వేళ పెరట్లో నిలబడి, తన గొంతే ఫోనులోకి ఎక్కించింది.

సాయంత్రం చక్రధరరావు టీ గ్లాసుతో పలకల ముందు కూర్చున్నాడు. గంగారత్నం పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని, చంకపట్టీ బిగిస్తున్నట్టు నటిస్తూ ఫోను నొక్కింది.

"ఏటండీ, నేను రత్నాన్ని. ఇయ్యేళ చేమదుంపలు వొండేను. మీకు పడవని తెలుసు. కోపంతోటే వొండేను. నాలుగేళ్ళై గోడతో మాటాడతన్నాను. ఉగాదికి ఏషం మీరే ఏస్తారని చిన్నాకి చెప్పీసేను. మిమ్మల్ని అడగనేదు. ఇప్పుడడుగుతన్నాను. పాడతారా?"

చక్రధరరావు పెళ్ళాం వైపు తిరిగాడు. ఆమె నోట్లో గుండుసూదులున్నాయి, పెదవులు కదలడం లేదు. అతను పలకల వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"చేమదుంపలా?" అన్నాడు.

గుండుసూదులు నేల మీద రాలిపోయాయి. గంగారత్నం వాటిని ఏరలేదు.

"ఇంకోసారి పెట్టు," అన్నాడతను. ఆమె పెట్టింది. చివరి మాట దాకా విని, టీ గ్లాసు కింద పెట్టాడు. ముందు వరసలో నవ్విన ముఖాలు అతని కళ్ళ ముందు తిరుగుతున్నాయని గంగారత్నానికి తెలుసు. తొందరపెట్టాలని నాలుక దురదపెట్టినా ఊరుకుంది.

"హార్మోనియం కూడా ఇందులోంచి ఇలాగే వొస్తాదా?" అని అడిగాడు చివరికి.

ఆమె తల గట్టిగా ఊపింది. స్టేజీ మీద మీకు ఎదురుగా పెడతామని రెండు చేతులతో చూపించింది.

అతను లేచి పలకల వెనక్కి వెళ్ళాడు. వంగి, అయస్కాంతాలకి కట్టిన బట్టని వేళ్ళతో పట్టుకున్నాడు. ఎర్రంచు దగ్గర వేలు ఆగింది.

"ఇది నా ఏషం పంచె కదూ?"

గంగారత్నం ఒప్పుకుంటూ, చింపినట్టు చేతులతో చూపించింది. తిడతాడేమో, తిడితే తిట్టనీ అనుకుంది.

చక్రధరరావు నడుము మీద చేతులు పెట్టుకుని, క్లబ్బు హాల్లో చివరి వరసకి వినిపించే తన పాత గొంతుతో అడిగాడు:

"మరి ఉగాదికి నేనేటి కట్టుకోవాల?"