బండ మీద సారు రాయి

మా డ్రిల్లు సారు పోయారు. గడ్డపోతారంలో మా మందుల కంపెనీ క్యాంటీన్‌లో పళ్లెం ముందు కూర్చున్నప్పుడు కబురొచ్చింది. పటేల్‌గూడ వెనక గుట్టల్లో, మేం రోజూ పరుగెత్తే కాలిబాట పక్క ఒర్రెలో, ఎండిన వాగు గుంతలో, పడి ఉన్నారట. మధ్యాహ్నం మేకలు కాసే ఆయన చూశాడట. ఆ పొద్దున సారుతో ఉన్నది నేనే. అందుకే ఇది రాయడానికి చెయ్యి ఆడడం లేదు, రాయకుండా ఉండడమూ నావల్ల కావడం లేదు.

ఆయన సర్కారు బడిలో పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన మనిషి. మెడలో విజిల్ మాత్రం తియ్యలేదు. నేను ఆ బడిలో చదవలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే నన్ను మా వీధి టీ కొట్టు దగ్గర చూసి, "ఏందిరా కెమికలూ, గీ వయసులనే గిట్ల రొప్పుతున్నవ్? రేపు పొద్దుగాల నాతోని రా" అన్నారు. పేరడగలేదు. చివరిదాకా నన్ను కెమికలనే పిలిచారు.

ఆయన నేర్పింది రోడ్డు మీది పరుగు కాదు. బండల నడుమ, సీతాఫలం చెట్ల కింద, వాన కోసిన దారిలో పరుగు. గుట్ట ఎక్కి నేను గొప్పగా నవ్వితే, "ఎక్కుడు అందరికస్తది. దిగుడు నేర్సుకో. పళ్లు రాలేది దిగేటప్పుడే" అనేవారు. ఫ్యాక్టరీల వాసన అక్కడిదాకా కొట్టిన రోజు అందరినీ తిట్టుకుంటూ దారి మార్చేవారు. ఏడాది తిరిగేసరికి నా రొప్పు పోయింది. ఈ రోజు నేను తీసుకుంటున్న ఊపిరి ఆయన ఇచ్చిందే.

మాకు ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. బాట మొదట్లో నేలబారుగా ఒక బండ. లోపలికి పోయే ప్రతివాడూ దాని మీద ఒక రాయి పెట్టాలి, తిరిగొచ్చాక తీసెయ్యాలి. "రాయున్నదంటే మనిషి లోపలున్నట్టే. ఆఖరుగ దిగేటోడు ఎతకకుండ ఇంటికి పోవద్దు" అని మాతో ఒట్టు వేయించుకున్నారు. మోకాలి నొప్పితో ఆయన వంగలేకపోయేవారు కనుక ఆయన రాయి కూడా నేనే తీసేవాణ్ణి. ఎప్పుడూ నా వెనకే దిగేవారు కదా, ఆయనా వద్దనలేదు.

ఆ రోజు కంపెనీ బస్సుకు నాకు ఆలస్యమైంది. సారు మోకాలు పట్టుకుని ఆగి, "నువ్వు ఉరుకు, బస్సు పోతది. నేనొస్తున్న" అన్నారు. నేను ఉరికాను. అలవాటుగా రెండు రాళ్లూ తీసేశాను. వెనక్కి చూడలేదు. తర్వాత వేరే దారిన దిగిన మా పరుగు జట్టులోని మిగతా నలుగురూ ఖాళీ బండ చూసి, సారు వెళ్లిపోయారనుకున్నారు. ఫోను ఇంట్లో పెట్టి వచ్చే మనిషి. ఆయన అటునుంచి అటే చర్చి పని మీద పోయారనుకుందట వాళ్లావిడ. ముందే చూసి ఉంటే బతికేవారా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. ఆ మాటతో నేనేం చెయ్యాలో ఆయనా చెప్పలేదు.

సమాధి చేసిన మర్నాడు అమ్మ దగ్గరికి వెళ్లాను. సారు భార్యను మేమంతా అమ్మ అనే అంటాం. రాళ్ల సంగతి చెప్పేశాను. చెంప మీద కొట్టినా బాగుండేది. ఆమె నా ముందు టీ పెట్టి, "మేకలాయన గూడ వచ్చి ఏడ్సిండు బిడ్డా" అంది. "పొద్దుగాల ఆయనకు విజిల్ వినవడ్డదంట. సారు ఎవరికో పరుగు నేర్పుతుండనుకున్నడంట."

"ఎంతసేపమ్మా?"

"ఆగి ఆగి, చానసేపు."

ఆమె ఇచ్చిన టీ తాగలేకపోయాను. రాళ్లు నేను తీసేశాను, అంతే. దానికి క్షమాపణ ఎవరిని అడగాలి?

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు నా వారం సెలవు రోజున ఆ ఒర్రెలోకి దిగి సారు పడిన చోట కూర్చుంటున్నాను. రోడ్డు కనబడదు. కానీ కింద, ఆ పొద్దున నేనెక్కిన మా కంపెనీ బస్సు వచ్చి ఆగడం, తలుపు పడడం, మళ్లీ కదలడం అక్కడికి చక్కగా వినిపిస్తాయి.