తెల్లగాజులతో మారిషస్‌కు

పొద్దున లేవగానే సక్రి ముఖం కంటే ముందు గాజులు కడుక్కుంటుంది. కుంకుడు రసంలో తడిపిన పాతగుడ్డతో, మోచేతి పైనుంచి భుజం దాకా ఉన్న తెల్ల గాజుల్ని ఒక్కొక్కటే తిప్పుతూ తుడుస్తుంది. బయ్యారం దగ్గరి ఆ తండాలో ఎర్రమట్టి పట్టనిది లేదు. గొడ్లకు పడుతుంది, గోడలకు పడుతుంది, ఉతికి ఆరేసిన బట్టలకు కూడా పడుతుంది. సక్రి గాజులకు మాత్రం పట్టనివ్వదు. తుడిచాక ఒక చుక్క కొబ్బరినూనె రాస్తుంది. ఆ తర్వాతే పొయ్యి, టీ, మిరప చేను.

లంబాడీ ఆడవాళ్ళు పెళ్ళినాడు మోచేతి పైన తొడుక్కునే ఈ గాజుల్ని చూడో అంటారు. మొగుడు బతికున్నంత కాలం తియ్యరు. సక్రికి వాటిని తల్లి తొడిగింది, లేత చేతికి నూనె రాసి. తర్వాత ఆ చెయ్యి ఇటుకలు మోసింది, పత్తి ఏరింది, లావెక్కింది. ఇప్పుడవి మోచెయ్యి దాటి కిందికి రావు. తియ్యాలంటే పగలగొట్టాల్సిందే.

తండాలో ఇంకా కొందరు ముసలివాళ్ళు చూడో వేసుకుంటారు కానీ అవి సంతలో కొన్న ప్లాస్టిక్‌వి. సక్రివి వేరు. "ఏనుగు దంతం" అని తల్లి చెప్పింది. వాళ్ళ పెద్దలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుని దేశాలు తిరిగిన కాలంలో కొన్నవట. సక్రి కూడా అందరికీ అదే చెప్పింది. అందుకే తండాలో ఏ పెళ్ళి జరిగినా పెళ్ళికూతురి చేతికి మొదటి గాజు సక్రితో తొడిగించేవాళ్ళు.

ఆ మాటను ఆమె ఒకసారి బయటివాళ్ళ ముందు కూడా వాడింది. కూతురు సుజాత భూపాలపల్లిలో టీచరు. అక్కడే బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే బిక్షపతిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. బిక్షపతి వాళ్ళు లంబాడీలు కారు. అతని తల్లి చిలుకమ్మకు జనగామలో గాజుల దుకాణం ఉంది. పెళ్ళినాడు వాళ్ళ బంధువుల్లో ఎవరో "తండా సంబంధం" అని నవ్వారు. సక్రి లేచి వెళ్ళి చిలుకమ్మ ముందు చెయ్యి చాపింది.

"మీ దుకాణంల ఉన్నయా వదినా, గిసొంటియి? ఏనుగు దంతం."

చిలుకమ్మ ఆ చెయ్యి పట్టుకుని, గాజుల మీద వేళ్ళు రాసి, వదిలేసింది. ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని సక్రి ఇన్నేళ్ళూ తన గెలుపుగానే దాచుకుంది.

కరోనా రోజుల్లో జరిగిన పెళ్ళి. హనీమూన్ లేదు. తర్వాత పాప పుట్టింది. సుజాత ఉద్యోగం నిలబడాలని సక్రి తండాలో ఇల్లు మొగుడు వాల్యాకు వదిలేసి, రెండేళ్ళు భూపాలపల్లి క్వార్టర్‌లో ఉండి పాపను పెంచింది. మనుమరాలి నోట్లో మొదటి మాట లంబాడీలో వచ్చింది. ఆ రోజే సుజాత అనుకుంది, తాను మొదటిసారి విమానం ఎక్కితే పక్కసీట్లో అమ్మ ఉండాలని. అమ్మ వస్తే బాపు రావాలి. బాపు వస్తే అత్తమ్మను వదిలి వెళ్ళడం బాగుండదు.

"హనీమూన్‌కు తల్లిని, అత్తను, మామను ఏస్కపోయేటోన్ని నేనొక్కన్నే ఉంట" అన్నాడు బిక్షపతి.

"పాపను మర్సిపోయినవ్. ఇగ హనీమూన్ అనకు, జర సిగ్గుండాలె" అంది సుజాత.

మహబూబాబాద్ స్టేషన్ దగ్గర శామ్యూల్ అనే అతను చిన్న ట్రావెల్స్ దుకాణం నడుపుతాడు. ఇల్లంతా అక్కడ కూర్చుని ద్వీపాలు చూశారు. మాల్దీవుల్లో నీళ్ళ మీద కట్టిన గదులు చూసి వాల్యా తల అడ్డంగా ఊపాడు.

"నీళ్ళ మీద పండుకునుడేంది? గొడ్డు గూడ పండదు."

బాలికి బిక్షపతి సెలవులు కుదరలేదు. మారిషస్‌కు ముంబై నుంచి సముద్రం మీదుగా చాలా గంటల ప్రయాణం. అయినా ముందుగా వీసా తీసుకునే పని లేదు. పైగా ఎప్పుడో చెరుకు తోటల పనికి పోయిన తెలుగువాళ్ళ మనుమలు, మునిమనుమలు అక్కడ ఉన్నారని శామ్యూల్ చెప్పాడు.

"అయితె పప్పు దొరుకుతది" అంది చిలుకమ్మ. దాంతో మారిషస్ ఖాయమైంది.

టికెట్లు తియ్యడానికి వెళ్ళిన రోజు శామ్యూల్ ఏవి తీసుకెళ్ళవచ్చో, ఏవి కూడదో చెబుతున్నాడు. పచ్చడి సీసాలు చేతిసంచిలో వద్దు. కత్తి వద్దు. విత్తనాలు వద్దు. చెబుతూ చెబుతూ సక్రి చెయ్యి చూశాడు.

"గాజులు మంచిగున్నయి అవ్వా. దేనియి?"

"ఏనుగు దంతం" అంది సక్రి, కొంగు వెనక్కి జరిపి. "మా అవ్వ తొడిగింది."

శామ్యూల్ చెయ్యి కంప్యూటర్ మీద నుంచి లేచింది.

"నిజంగనేనా అవ్వా?"

"నీకు అబద్దం ఎందుకు చెప్త?"

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఏనుగు దంతం దేశం దాటించడం నేరమని, పట్టుబడితే ఇక్కడొక కేసు, అక్కడొక కేసు అవుతుందని చెప్పాడు. పాతకాలపువి కదా అంది సుజాత. పాతవైనా సరే, తెలిసీ టికెట్ ఇస్తే తన మెడకు చుట్టుకుంటుందన్నాడు.

"శుక్రవారం సాయంత్రం దాకా సీట్లు ఆపుత అక్కా. ఒక సూది కాల్చి గాజుకు పెట్టి సూడుండ్రి. దిగితె ప్లాస్టిక్, ఇగ భయం లేదు. దిగలేదనుకో, గాజులన్న ఇంట్ల ఉండాలె, అవ్వన్న ఇంట్ల ఉండాలె."

"మా అవ్వ గాజులకు వాత పెట్టమంటున్నవా?" అని సక్రి లేచి బయటికి వెళ్ళిపోయింది.

అందరూ భూపాలపల్లి క్వార్టర్‌కే చేరారు. కొత్త సూట్‌కేసులు ముందుగదిలో నిలబెట్టి ఉన్నాయి. పాప వాటి మీదకెక్కి దూకుతూ ఉంటే ఎవరూ కోప్పడలేదు, ఎవరూ నవ్వలేదు కూడా. సూది మాట ఎత్తితే సక్రి లేచి వెళ్ళిపోయేది. తీసే మాట ఎత్తినా అంతే.

"మా ఆయన బతికుండంగ ఆపరేషన్ అయినప్పుడు నేను మెట్టెలు తీయలేదా వదినా?" అంది చిలుకమ్మ. "మల్ల పెట్టుకున్న."

"నీ మెట్టెలు ఊడొస్తయి. ఇవి పగలాలె."

"పగలగొట్టరాదు మరి" అన్నాడు వాల్యా మంచం మీద నుంచి. "నేనుండంగనే పగలగొట్టు. నేను పోయినంక నువ్వెట్ల ఉంటవో నేను గూడ సూసినట్టుంటది."

అతను నవ్వించాలనే అన్నాడు. సక్రి అతని ముందు కంచం పెట్టి, నీళ్ళు పెట్టకుండా వెళ్ళిపోయింది. చిన్నప్పుడు ఆమె మేనత్త చేతికి గాజులు పగలగొట్టడం చూసింది. బండ మీద చెయ్యి పెట్టించి, ఇంకో బండతో కొట్టారు. తర్వాత మేనత్త చెయ్యి తెల్లగా, సన్నగా, వేరే ఎవరి చెయ్యో తెచ్చి అతికించినట్టు ఉండేది. వాల్యా ఎదురుగా కూర్చుని రొట్టె తింటుండగా ఆ పని చేయించుకోవడం ఆమె వల్ల కాదు.

బుధవారం బిక్షపతి డ్యూటీ దిగి వచ్చి, వంటింట్లో సుజాతతో మెల్లగా అన్నాడు.

"అత్తమ్మకే ఇష్టం లేనట్టుంది. ఆమెను, మామను తండాల దింపి మనం పోదామా?"

"యాడి రాకపోతె నేను రాను" అంది సుజాత. యాడి అంటే లంబాడీలో అమ్మ. "నేను రాకపోతె పాప రాదు. మీ అమ్మను తోల్కొని నువ్వు పో హనీమూన్‌కు."

"నేనేమన్న ఇప్పుడు?"

"ఏమనలే. శుక్రవారం పోయి అన్ని రద్దు చేపిస్త."

గోడ అవతల పాపకు జడ వేస్తున్న సక్రి అంతా విన్నది. ఆమె చేతిలో దువ్వెన ఆగింది. తన చేతి మీద ఉన్నదాని వల్ల ఇంటిల్లిపాది ప్రయాణం పోతోంది. కూతురు పెళ్ళయినప్పటి నుంచి అనుకుంటున్న ప్రయాణం. ఆమె ముందు రెండే దారులున్నాయి. గాజులు పగలగొట్టాలి, లేదా అందర్నీ ఆపాలి. మూడోది కూడా ఒకటుంది. దాన్ని ఆమె ఇన్నాళ్ళూ మనసు దగ్గరికి రానివ్వలేదు.

గురువారం తెల్లవారుతుండగా గాజులు కడుక్కుని, తుడుచుకుని, నూనె రాయకుండా వంటింట్లోకి వెళ్ళింది. బొంతలు కుట్టే సూదిని పట్కారుతో పట్టుకుని గ్యాస్ మంటలో పెట్టింది. అది ఎర్రబడేదాకా చూసింది. అన్నిటికంటే కిందనున్న గాజును లోపలివైపుకి తిప్పి, కళ్ళు మూసుకుంది. దిగొద్దని మొక్కింది. దిగకపోతే ప్రయాణం పోతుందని తెలిసే మొక్కింది.

సూది మైనంలోకి దిగినట్టు దిగింది. సన్నటి నల్లపొగ లేచింది. వేడి లోపలి చర్మానికి తగిలినా ఆమె చెయ్యి కదపలేదు. అవ్వకు తెలుసా? తెలిసే చెప్పిందా, అవ్వకూ ఎవరో అట్లాగే చెప్పారా? అడగడానికి అవ్వ లేదు.

"ఏంది యాడీ, గీ వాసన?" సుజాత నిద్రకళ్ళతో గుమ్మంలో నిలబడింది.

"కుక్కర్ పిడి మంటకు తగిలింది" అంది సక్రి. కాలిన వైపును ఒంటివైపుకి తిప్పుకుని టీకి నీళ్ళు పెట్టింది.

ఆ రోజంతా చెప్పడానికి ఆమెకు వీలు చిక్కుతూనే ఉంది. సుజాత ఒక్కతే బట్టలు మడుస్తున్నప్పుడు వెళ్ళి పక్కన కూర్చుంది. నోరు తెరిచేలోగా చిలుకమ్మ ఆ గదిలోకి వచ్చింది. ఆమెను చూస్తే పెళ్ళినాడు చాపిన చెయ్యే గుర్తొచ్చింది. సక్రి లేచి చీపురు పట్టుకుంది.

శుక్రవారం కిరాయి కారులో మహబూబాబాద్ వెళ్ళారు. దారంతా పాప ఒక్కతే మాట్లాడింది. మారిషస్‌లో కుక్కలుంటాయా అని అడిగింది.  శామ్యూల్ దుకాణంలో ఉన్న కుర్చీలు చాలక వాల్యా, బిక్షపతి నిలబడ్డారు.

"ఏం చేసిండ్రక్కా?" అన్నాడు శామ్యూల్.

"రద్దు చెయ్యన్నా" అంది సుజాత.

"అందరియా?"

"అందరియి."

శామ్యూల్ బిక్షపతి వైపు చూశాడు. బిక్షపతి గోడ మీద అంటించిన సముద్రం బొమ్మను చూస్తున్నాడు. శామ్యూల్ కంప్యూటర్‌లో వాళ్ళ పేర్లు తెరిచాడు. ఒకసారి నొక్కాడు. ఇంకోసారి నొక్కాలి.

"ఆగు" అంది సక్రి.

శామ్యూల్ ఆగాడు.

సక్రి చిలుకమ్మను చూడకుండా, ఎదుటి గోడను చూస్తూ చెప్పింది. "దంతం గాదు. ప్లాస్టిక్. నిన్న సూది పెట్టి సూసిన." కిందిగాజు తిప్పి చూపించింది. నల్లటి చిన్న బెజ్జం, దాని పక్కన చర్మం మీద లేచిన బొబ్బ.

సుజాతకు కుక్కర్ పిడి గుర్తొచ్చింది. తల్లి చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. వాల్యా వచ్చి ఆ బెజ్జం మీద బొటనవేలు పెట్టి చూశాడు.

"నేను పెండ్లినాడే ఎరుగుదు" అంది చిలుకమ్మ.

సక్రి ఆమె వైపు తిరిగింది.

"ముట్టంగనే తెల్సింది. దంతమైతె సల్లగ ఉంటది" అంది చిలుకమ్మ, ఒళ్ళోని సంచి సర్దుకుంటూ. "నా బతుకంత గాజులే గదా వదినా."

"మరి అప్పుడెందుకు అనలే?"

"అంటె పీటల మీద పెండ్లి ఆగుతుండె. నా కొడుకు నన్ను ఇంట్లకు రానిచ్చెటోడా?"

"ఇన్నేండ్లల్ల ఎంతమందికి చెప్పినవ్?"

చిలుకమ్మ పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను చూసింది. "మా తోడికోడలికి ఒక్కదానికే."

"ఆమెకు చెప్తె జనగామంత చెప్పినట్టే" అన్నాడు బిక్షపతి.

"నువ్వు నోర్మూసుకో" అంది చిలుకమ్మ.

సక్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కోపంతోనో, సిగ్గుతోనో, తల్లి గుర్తొచ్చో ఆమెకే తెలియదు. కొంగు భుజం మీదికి లాక్కుని గాజులు కప్పుకుంది. తర్వాత శామ్యూల్‌తో అంది, "ఇయ్యి బిడ్డా టికెట్లు. ఇట్లనే కూసుంటవా?"

మారిషస్‌లో ఆమెకు సముద్రం కంటే ఎక్కువగా గుర్తుండిపోయింది ఇసుక. గాజుల సందుల్లో దూరిన ఇసుకను చిలుకమ్మ చీపురుపుల్లతో తీసింది. ఇద్దరూ ఒడ్డున కూర్చున్నారు కానీ ఎక్కువ మాట్లాడుకోలేదు. సుజాత, బిక్షపతి ఒక సాయంత్రం పాపను వీళ్ళకు అప్పగించి నడుచుకుంటూ చాలా దూరం వెళ్ళారు. వాల్యా మూడు చోట్ల పప్పు అడిగాడు, ఒకచోట దొరికింది.

తిరిగొచ్చాక సంగతి తండాలో సక్రే చెప్పింది. ఎవరో చెబితే వినడం కంటే నయమనుకుంది. ఇప్పుడామె వాల్యాతో కలిసి తండాలోనే ఉంటోంది. మిరప వేసింది. గాజులు చేతికే ఉన్నాయి. దేనివని ఎవరైనా అడిగితే "మా అవ్వవి" అంటుంది. ఈ ఏడు తండాలో రెండు పెళ్ళిళ్ళయ్యాయి. మొదటి గాజు తొడగడానికి ఒకదానికి సక్రిని పిలిచారు, ఇంకోదానికి పిలవలేదు.